చెప్పులు చూసి జట్టు కట్టినవాడు

మా ముత్తాత రంగారావు దేశ్‌ముఖ్. జగిత్యాల వైపు చుట్టుపక్కల ఊళ్ళ శిస్తు ఆయన చేతుల మీదుగా నిజాం ఖజానాకు పోయేది. ఆయన చీకటి పడ్డాక కచ్చడం బండిలో బయల్దేరితే ఎద్దుల ముందు ఒక మనిషి దివిటీ పట్టుకుని పరుగెత్తేవాడు. అతను అలిసిపోతే తరువాతి ఊళ్ళో ఇంకొకడు అందుకునేవాడు. మా తాత నర్సింగరావు మేం ఉండే గడి అరుగు మీద కూర్చుని తగువులు తీర్చేవాడు. గడి మెట్ల నుంచి ఊరి దారి దాకా కొంత ఖాళీ జాగా ఉండేది. ఆ జాగా దాటేటప్పుడు వెట్టి చేసే ఇళ్ళవాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకుని, తల వంచుకుని నడిచేవారు. దాటాక మళ్ళీ తొడుక్కునేవారు. అది న్యాయమని నేననను. జరగలేదనీ అనను. మా నాన్న కాలానికి ఎవరూ చెప్పులు విడవడం లేదు. నాన్న పొలాలు ఒక్కొక్కటే అమ్ముతూ అదే అరుగు మీద పేపరు చదువుకున్నాడు. నేను బహ్రెయిన్ వచ్చి, మామీర్ దగ్గర ఒక కంపెనీలో షెడ్ల కప్పులకు ఇనుప రేకులు బిగించాను.

ఈ వంశం సంగతి చెప్పకుండా అతన్ని గురించి చెప్పడం కుదరదు. అందుకే చెప్పాను.

పోయిన వారం మా క్యాంపు క్రికెట్ గ్రూపులో అతని ఫొటో వచ్చింది. ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీ అది. మెడలో దండ, పైన రెండు పావురాలు, కింద కొడుకుల పేర్లు. ఫొటోలో అతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనక గచ్చు ఊడిన గోడ కొంత కనిపిస్తోంది. ఆ గోడ నాకు తెలుసు. అప్పటికి గ్రూపులో ప్రాక్టీసు మ్యాచికి ఎవరిని తీసుకోవాలన్న వాదన నడుస్తోంది. ఫొటో కింద వరసగా దండాలు పడ్డాయి. వాటి కిందనే మా మెస్సు వంటవాడు సూరిబాబు, "సరే గానండీ, శుక్రవారం ఓపెనింగు ఎవరో తేల్చండి ముందు" అని పెట్టాడు. వాదన మళ్ళీ మొదలైంది. చచ్చిపోయినవాడి గురించి అక్కడ అంతకు మించి ఎవరూ మాట్లాడలేదు. అతనే బతికుండి ఇంకొకడు పోయుంటే అతనూ అదే అడిగేవాడు. ఇంకా ముందే అడిగేవాడు.

అతను మా కంపెనీలో ఆఫీస్ బాయ్. యాభై దాటినా బాయే. పొట్టి మనిషి, మెడ తక్కువ. చొక్కా పై గుండీ ఎంత ఎండలోనూ విప్పేవాడు కాదు. టీ ట్రేని చంకలో పెట్టుకుని తిరిగేవాడు. ఖాళీగా ఉన్నప్పుడు దాన్నే ఎండకు అడ్డంగా నెత్తి మీద పెట్టుకునేవాడు. ఆఫీసులో పారేసిన తిరిగే కుర్చీ ఒకటి తెచ్చి క్యాంపు మెస్సు ముందు వేసుకున్నాడు. దానికి ఒక చక్రం లేదు. ఆ వైపు ఇటుక పెట్టాడు, అయినా కుర్చీ ఎడమకు ఒరిగే ఉండేది. అందుకని అతను ఎవరిని తిడుతున్నా ఏదో రహస్యం చెప్పడానికి వాళ్ళ వైపు వంగినట్టుండేది. కూర్చునే ముందు జేబురుమాలు మడత పెట్టి సీటు మీద పరిచేవాడు. అగ్గిపుల్లతో చెవి తిప్పుకుంటూ మాట్లాడేవాడు. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

మా జట్టును అతనే ఎంచేవాడు. అతను బ్యాటు పట్టి ఎరగడు. ఎల్బీడబ్ల్యూని 'కాలు అడ్డం' అనేవాడు, అది తప్పో ఒప్పో ఎవరూ వివరించి చెప్పలేకపోయారు. అయినా అతనే ఎంచేవాడు, ఎందుకంటే మేనేజరుకు టీ ఇచ్చేది అతను. మేనేజరు మలబారి, కేరళ మనిషి. పక్క కంపెనీ మేనేజరు శుక్రవారం పూట ఓడిపోతే చూడటం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. ఎవడు బాగా ఆడుతున్నాడో పొద్దుటి టీతో పాటు అతను చెప్పేవాడు, ఆయన తలూపేవాడు. కొన్నేళ్ళలో అది ఆనవాయితీ అయింది.

ఇందులో ఆట కంటే పెద్ద సంగతి ఒకటుంది. మా లీగు చలికాలంలో జరుగుతుంది. జట్టును మాత్రం వేసవికి ముందే ఎంచేవారు. ఎండాకాలం పొడుగునా పైకప్పుల మీద మాడిపోయినవాడు చలికాలానికి పరుగెత్తలేడని మేనేజరు లెక్క. అందుకని పదకొండు మందినీ, అదనంగా ఉండే ఒక్కణ్ణీ ఎండలు ముదరక ముందే వర్క్‌షాపులోకి మార్చేవాడు. నీడలో పని, సాయంత్రం ప్రాక్టీసు. మిగతావాళ్ళు కప్పుల మీదికి. మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని ప్రభుత్వం రూలుంది, నిజమే. కానీ పొద్దున తొమ్మిదికే రేకు మీద చెయ్యి పెట్టలేని ఎండ ఉంటుందని రూలు రాసినవాళ్ళకు తెలియదు. కాబట్టి మార్చి నెలలో జరిగే ఆ ఒక్క ప్రాక్టీసు మ్యాచి మీద మా క్యాంపులో ఎంతమంది బతుకులు ఆధారపడ్డాయో వేరే చెప్పక్కర్లేదు. బ్యాటు ముట్టని వాళ్ళు కూడా రోజూ డ్యూటీ దిగాక మెస్సు ముందు చేరి, ఎవరి పేరు ఉంటుంది, ఎవరి పేరు పోతుంది అని తెగ మాట్లాడుకునేవారు. కుర్చీలో అతను వింటూ కూర్చునేవాడు.

అతను ఆటగాణ్ణి చెప్పులు చూసి చెప్పేవాడు. "బ్యాటు వట్టినంక అందరు ఆటగాళ్ళే. చెప్పులు ఇడిసేకాడ తెలుస్తది ఎవడేందో" అనేవాడు. సాయంత్రం ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని గదుల వరండా వెంట నడుస్తూ ప్రతి గుమ్మం ముందూ ఆగేవాడు. చెప్పులు బయటి వైపు తిరిగి ఉంటే ఆ మనిషి పరుగుకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడట. ఒకటి ఇటూ ఒకటి అటూ ఉంటే రనౌట్ అవుతాడట. మడమ దగ్గర అరిగితే బౌలరు, వేళ్ళ దగ్గర అరిగితే ఫీల్డరు. ఇదంతా శుద్ధ అబద్ధం. మా జట్టు గెలిచినన్ని సార్లూ ఓడింది. కానీ క్యాంపులో మగవాళ్ళందరూ చెప్పులు సర్దుకోవడం నేర్చారు. ఫిబ్రవరి వచ్చేసరికి వరండా పొడుగునా చెప్పులు గీత గీసినట్టు ఉండేవి. "గుడి ముందు కూడా ఇంత పద్ధతిగా ఇప్పలేదండీ మన జనం" అని సూరిబాబు నవ్వేవాడు. ఒకతను నెల రోజుల ముందు నుంచీ కొత్త చెప్పులు కొని, రోజూ తుడిచి, గుమ్మం ముందు జతగా పెట్టాడు. జట్టు చెప్పే రోజు అతని వంతు వచ్చింది. "నువ్వు నడిసెటందుకు వెట్టలే, నేను సూసెటందుకు వెట్టినవ్. పో" అన్నాడు కుర్చీలోంచి. ఆ మనిషి కప్పు మీదికి పోయాడు, ఆ కొత్త చెప్పులతోనే.

అతని మాటలు అందరికీ కంఠతా వచ్చు. క్యాచి వదిలినవాడితో, "తప్పు నీది గాదు బిడ్డా, గా చేతులు కూరల గంటె తిప్పనీకి పుట్టినయి" అన్నాడు. కొట్టాల్సిన బంతి వదిలేసినవాణ్ణి, "పెండ్లి సూపులకు వచ్చినవా, సూసి పోతున్నవ్" అన్నాడు. మల్లేశ్ అని వేములవాడ పిల్లవాడు ఒకడు, వేగంగా బౌలింగు చేసేవాడు. వాళ్ళ నాన్న పోయాడని కబురొచ్చింది, సెలవు దొరకలేదు. ఆ శుక్రవారమే మ్యాచికి దిగి ఒక తేలికైన క్యాచి వదిలాడు. అతను కుర్చీలోంచి, "అయ్య పోతే పోయిండు, చేతులు గూడ తోలిచ్చినవారా ఎంబడి?" అన్నాడు. గ్రౌండంతా నవ్వింది. మల్లేశ్ కూడా నవ్వాడు. నవ్వకపోతే మరుసటేడు పేరుండదని అందరికంటే మల్లేశ్‌కే బాగా తెలుసు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. పళ్ళు కనిపించాయి, అంతే.

నేను మొదటిసారి అతని ముందుకు వెళ్ళింది క్యాంపులో దిగిన సాయంత్రమే. కొత్తవాళ్ళను అతను పిలిపించుకుని చూసేవాడు. నేను పెట్టె గదిలో పెట్టి వెళ్ళి నిలబడ్డాను. ఏ ఊరని అడిగాడు. చెప్పాను. పుల్ల చెవిలోనే ఆగిపోయింది. "మాది గూడ గదే" అన్నాడు. "ఎవల పిల్లగానివి?" నేను మా నాన్న పేరు చెప్పాను.

అతను లేచి నిలబడ్డాడు.

లేవాలని లేవలేదు. అది నేను స్పష్టంగా చూశాను. ఆ కాళ్ళు అతన్ని అడగలేదు. ట్రే ఒళ్ళోంచి జారి పెద్ద చప్పుడుతో కింద పడింది. మెస్సు ముందున్న వాళ్ళంతా తిరిగి చూశారు. ఎంతో పొగరుమోతు అనుకున్నవాడు ఒక కొత్త కూలివాడి ముందు చేతులు ముందుకు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపని చెప్పలేను, ఎక్కువసేపు కాదు. తరువాత కూర్చున్నాడు. మొహం నల్లబడింది. "కూసో దొరా" అన్నాడు. అక్కడ ఇంకో కుర్చీ లేదు. నేను నిలబడే ఉన్నాను, అతను నన్ను ఎగాదిగా చూశాడు.

ఆ లేవడాన్ని అతను నాకు ఎన్నడూ క్షమించలేదు. వాళ్ళ తాత మా గడిలో వెట్టి చేసినవాడని తరువాత నాకు ఊరి నుంచి తెలిసింది. దానికి అతనికి నా మీద కోపం ఉన్నట్టు నేను ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళ తాతా మా తాతా ఇద్దరూ బూడిదైపోయారు. కానీ సముద్రం దాటి, పాతికేళ్ళు ఉండి, మేనేజరు పక్కన చోటు సంపాదించుకుని, ఒక కుర్చీలో కూర్చున్నాక కూడా, మా నాన్న పేరు వినపడగానే తన మోకాళ్ళు తన మాట వినలేదు. అది చూసినవాణ్ణి నేను. అతని స్థానంలో ఉంటే నేనూ క్షమించను.

ఆ రోజు నుంచి క్యాంపులో నా పేరు పోయింది. 'దొర' మిగిలింది. అతను మొదలుపెట్టాడు, అందరూ అందుకున్నారు. బాత్రూం క్యూలో "దొరకు తొవ్వ ఇయ్యుండ్రి" అనేవాడు, నన్ను చివరికి నెట్టేవారు. చాయ్ పోసేటప్పుడు "దొరకు వెండి గిలాస లేదా సూరిబాబూ" అనేవాడు. నేను జవాబు చెప్పలేదు. మా ఇంట్లో మాకు నేర్పినవాటిలో ఈనాటికీ పనికొచ్చేది అదొక్కటే.

నాకు ఆట వచ్చు. హైదరాబాదులో హాస్టల్ బడిలో వేసినప్పుడు, డబ్బున్న రోజుల్లో, మాకు బ్యాటు నిటారుగా పట్టడం నేర్పడానికి ఒక మాస్టారు ఉండేవాడు. క్యాంపులో మొదటి రెండేళ్ళూ శుక్రవారం ఆటల్లో నేను బాగానే ఆడాను. ఆ రెండేళ్ళూ నా పేరు రాలేదు. నా గదిలో ఉండే సత్తన్న, కోరుట్ల మనిషి, నా ఆటకు పెద్ద అభిమాని. తను ఎప్పుడూ ఆడలేదు, ఆడేవాళ్ళ మీద పోట్లాడేవాడు. "దొర బ్యాటింగు బువ్వల నెయ్యి వోసినట్టుంటది" అనేవాడు. నా పేరు ఎందుకు రావడం లేదో సూరిబాబే తేల్చాడు. నా చెప్పులు గుమ్మం ముందు ఉండవు. మంచం పక్కన ఉంటాయి. మా ఇంట్లో ఇంటివాళ్ళ చెప్పులు లోపలే ఉండేవి, బయట విడిచేది వచ్చినవాళ్ళు. ఆ అలవాటు నేను మానలేదు. "ఆయన చూసే మార్గం ఉంచాలి కదండీ దొరగారూ. ఓ పూట బయటెడితే మీ సొమ్మేం పోయింది?" అన్నాడు సూరిబాబు. నేను పెట్టలేదు.

రెండో వేసవిలో కప్పు మీద పడిపోయాను. పక్కనున్నవాడు నా నడుముకు కట్టిన తాడు పట్టుకుని ఆపాడు కాబట్టి కిందికి జారలేదు. కంపెనీ తీసుకెళ్ళిన డాక్టరు, ఇంకోసారి ఇలా పడితే ఎండ పనికి పనికిరాడని రాసేస్తానన్నాడు. అలా రాస్తే కంపెనీకి నాతో పని లేదు, ఖలాస్, ఇంటికే. అదే నెలలో నాన్న ఫోన్ చేశాడు. ఇల్లు ఎప్పుడో కూలింది, మిగిలింది గడి ముందరి జాగా ఒక్కటే. దాన్ని ఎవరో అడుగుతున్నారట. "దుబాయిల ఉన్నోడట, మనిషిని తోలిండు" అన్నాడు నాన్న. మా ఊరివాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే, సగం ఊరు అక్కడే ఉంది. ఎవరని నేను అడగలేదు. నేను ఇక్కడ పని చేస్తున్నంత కాలం దాన్ని ఇవ్వనని నాన్న అన్నాడు. నేను తిరిగొస్తే ఏం చేస్తాడో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు. కాబట్టి మూడో వేసవి నేను నీడలో గడపాలి. గడపకపోతే ఆ జాగా పోతుంది. నాకు అప్పుడు అంతకంటే పెద్ద ప్రశ్న లేదు.

ఆ మార్చిలో ప్రాక్టీసు మ్యాచి సిత్రా క్యాంపు వాళ్ళతో. మామీర్ వెనక ఇసుక మైదానం, మధ్యలో సిమెంటు పలక మీద పరిచిన పచ్చ చాప, దూరంగా గొట్టం మీద ఎప్పుడూ మండే గ్యాసు మంట. కుర్చీని ఇద్దరు మోసుకొచ్చి గీత బయట పెట్టారు, ఇటుకను మూడోవాడు తెచ్చాడు. నేను మూడో నెంబరులో దిగి చివరిదాకా ఉన్నాను. ఆ రోజు బంతి నా బ్యాటు మధ్యలో తప్ప ఇంకెక్కడా తగల్లేదు. బడాయి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు.

ఆట అయ్యాక చాయ్ డ్రమ్ము చుట్టూ జనం చేరారు. సత్తన్న గొంతు అందరికంటే పైన ఉంది. ఈసారి దొర పేరు రాయకపోతే ఆ కుర్చీకే సిగ్గుండాలన్నాడు. "కుర్చీకి సిగ్గెందుకండీ, అది ఇరిగిపోయిన కుర్చీ" అన్నాడు సూరిబాబు. జనం నవ్వారు. మల్లేశ్ ఉంటాడా ఉండడా, కీపరుగా ఎవరు, సిత్రా వాళ్ళ ఎడమచేతి వాడికి మనవాళ్ళలో ఎవరు సరిపోతారు, అంతా ఒకేసారి మాట్లాడుతున్నారు. మేనేజరు కారు రోడ్డు మీద ఆగి ఉంది, పేర్ల కోసం. అతను పుల్ల తీసి చెవికి పెట్టుకున్నాక నిశ్శబ్దమైంది. సూరిబాబు కాగితం తీశాడు. రాయడం అతని పని.

కుర్చీలోంచి పదకొండు పేర్లు వచ్చాయి. నాది లేదు. సత్తన్న నోరు తెరిచాడు. అతను చెయ్యెత్తి ఆపాడు.

"దొర మంచిగ ఆడిండు" అన్నాడు. అతను ఎవరినైనా పొగడటం అక్కడున్నవాళ్ళు మొదటిసారి విన్నారు. "అబద్ధం ఎందుకు ఆడాలె. మంచిగ ఆడిండు. గని అందరి చెప్పులు సూసిన, దొరయి సూడలె. సూడకుంట ఎట్ల రాయిస్త?"

ఎవడో నా సంచిలోంచి తెస్తానన్నాడు.

"నువ్వు తెచ్చుడు గాదు" అన్నాడు అతను, ఎంతో మెత్తగా. కుర్చీ నా వైపు ఒరిగింది. "దొరనే తేవాలె. చేతుల వట్టుకోని, నా కుర్చీ ముంగటికెల్లి నడవాలె. మా తాత నడిసిన తీరుగ. గంతే. ఇంకొకని జాగ ఉన్నది, రాయిస్త."

మొదట నవ్వు వచ్చింది, అందరికీ ఒకేసారి. నేను పైకి చూశాను. గ్యాసు మంట మండుతోంది. కప్పు మీది రేకులు, డాక్టరు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టడం, నాన్న ఫోనులో ఆగి ఆగి మాట్లాడటం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. బూట్లు విప్పాను. సంచిలోంచి చెప్పులు తీసి చేత పట్టుకున్నాను. ఆ గుంపులో ఒక చివరి నుంచి కుర్చీ ముందుగా రెండో చివరికి నడిచాను. నడుము వంచలేదు. తల వంచలేదు.

అటు చేరాక వెనక్కి తిరిగి చూశాను. అతను సూరిబాబుతో చక్కెర ఎక్కువైందని చెబుతున్నాడు. నా వైపు తిరిగి, "అయ్యో, సూడలె దొరా" అన్నాడు. "మల్లొక్కసారి. ఈపారి తలకాయ జర కిందికి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సూరిబాబు చాయ్ డ్రమ్ములోకి చూస్తూ నిలబడ్డాడు. సత్తన్న మొహం అటు తిప్పుకున్నాడు.

రెండోసారి నడిచాను. వంచాను.

"రాస్కో" అన్నాడు. "దొర. పన్నెండోడు. నీళ్ళు తెస్తడు."

సత్తన్న నాతో వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాట, "సచ్చినా మంచిగుండు దొరా, నువ్వు నడవకపోతే" అని. నా బదులు నువ్వు కప్పు ఎక్కుతావా అని అడిగాను. అతను ఎలాగూ ఎక్కుతున్నాడు.

ఆ వేసవి వర్క్‌షాపులో ఫ్యాను కింద రేకులు కోశాను. చలికాలం లీగు పొడుగునా నీళ్ళు మోశాను. విరామంలో మొదటి గ్లాసు అతనికి ఇవ్వాలి. అందుకుని ఒక గుక్క తాగి, మిగిలింది కుర్చీ పక్కన ఇసుకలో పోసేవాడు. తొందరపడకుండా, ధార తెగకుండా పోసేవాడు. మైదానంలో పదకొండు మంది నోళ్ళు తెరుచుకుని చూస్తుండేవారు. ఆ మరుసటేడు కూడా పన్నెండోవాణ్ణే. మళ్ళీ నడవమని అడగలేదు. ఎందుకో నాకు తెలియదు. దయ అనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. తనకు కావలసింది తీసుకున్నాడు, ఇక అవసరం లేకపోయి ఉంటుంది.

తరువాత కంపెనీ అతన్ని పంపించేసింది. టీ యంత్రం పెట్టారు, బటన్ నొక్కితే పోస్తుంది. మేనేజరు కూడా మారాడు. వీడ్కోలు సభా లేదు, శాలువా లేదు. జనం అప్పటికే కొత్త మేనేజరు చుట్టూ చేరి పేర్లు చెబుతున్నారు. వెళ్ళే రోజు మధ్యాహ్నం నా గదికి వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడవలేదు. తొడుక్కునే లోపలికి వచ్చాడు. నా మంచం పక్కనున్న చెప్పుల్ని చాలాసేపు చూశాడు. తరువాత కాలి బొటనవేలితో వాటిని ఒక్కొక్కటే తిప్పి, గుమ్మం వైపు పెట్టాడు.

"గిట్ల వెట్టుకోవాలె" అన్నాడు. "ఎవలన్న పొమ్మంటే జల్ది పోవస్తది."

నేను లేవలేదు. "ఊరికేనా?" అని మాత్రం అడిగాను.

"గంతే గద దొరా. ఇంకేడికి?" అని వెళ్ళిపోయాడు. కుర్చీని ఎవరికీ ఇవ్వలేదు. ఆ సాయంత్రం చూస్తే చెత్త డ్రమ్ము పక్కన తలకిందులుగా పడి ఉంది, ఉన్న చక్రాలు కూడా పీకేసి ఉన్నాయి.

ఏడాది తిరక్క ముందే నాన్న కరీంనగర్ ఆసుపత్రిలో పడ్డాడు. నేను సెలవు మీద వెళ్ళాను. ఇక నిలబెట్టుకోవడానికి దారి లేదు. జాగా అడిగినవాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడని పెదనాన్న కొడుకు చెప్పాడు. ఎవరో అప్పుడు తెలిసింది. నేను కప్పు మీద పడిపోయిన నెలలో మనిషిని పంపిందీ ఆ కుర్చీ మనిషే. ఆ మార్చిలో నా పేరు రాయించకుండా ఉంటే అతనికి జాగా అప్పుడే వచ్చేది. రాయించి, ఇన్నేళ్ళు ఆగాడు. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చుకోవాలని కూడా లేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో నేను వెళ్ళేసరికి అతను వచ్చి ఉన్నాడు. తెల్ల చొక్కా, పై గుండీ పెట్టే ఉంది. గోడ పక్కన చేతుల కుర్చీలో కూర్చున్నాడు. నేను లోపలికి అడుగు పెట్టగానే చూశాడు. లేవలేదు. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నాడు. నేను సంతకాలు పెట్టి, వేలిముద్ర వేసి, బయటికి వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

అక్కడ అతను ఇల్లు కట్టలేదు. సాయంత్రాలు కుర్చీ వేసుకుని కూర్చునేవాడట, దారిన పోయేవాళ్ళు చెప్పులతో పోయేవారట, అతన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదట. ఫ్లెక్సీలో అతని వెనక కనిపించేది, కూలగా మిగిలిన మా గడి గోడ.

మెట్ల నుంచి ఊరి దారి దాకా ఉన్న జాగా అంతా అతనికే అమ్మాం. కొలతల్లో మెట్లు కూడా అందులోకే వచ్చాయి.